ఇరవై నాలుగు దగ్గర ఆగడం

జగిత్యాల వైపు వెళ్లి వచ్చానంటే మా తెనాలిలో ఇద్దరు ముగ్గురు, కొండగట్టు ఎక్కావా, వేములవాడలో దర్శనం అయిందా అని అడిగారు. రెండూ బస్సు కిటికీలోంచే చూశాను. నేను వెళ్లింది మూడు ఇళ్లకు. మూడు ఇళ్లలోనూ ఆటిజం ఉన్న మనిషి ఒకరు ఉన్నారు. మా ఇంట్లోనూ ఒకడు ఉండేవాడు. మా అబ్బాయి చందు ఇరవై మూడేళ్లు బతికాడు. రెండేళ్ల క్రితం ఒక మధ్యాహ్నం ఫిట్స్ వచ్చి నా చేతుల్లో పోయాడు. ఆ ఇరవై మూడేళ్లలో ఒక్క మాట పలకలేదు.

ఆటిజం ఉన్నవాళ్ల కోసం దేశమంతటికీ ఒక విధానం కావాలని మా తల్లిదండ్రుల సంఘం ఢిల్లీకి విజ్ఞాపన పంపుతోంది. దానికి మూడు కుటుంబాల మాటలు జత చేయాలన్నారు. వాటిని అక్కడ అధికారుల ముందు చదివి వినిపిస్తారు. రాసే పని నాకు అప్పగించారు. ముప్పై ఏళ్లు లైబ్రరీలో పని చేశాను, ఉన్నది ఉన్నట్టు రాస్తానని వాళ్ల నమ్మకం. ఆ నమ్మకాన్ని రెండో రోజే పోగొట్టుకున్నాను. అది ఎలా జరిగిందో కూడా ఇందులో రాస్తాను.

ముందే చెప్పుకోవాల్సింది ఒకటుంది. నేను వాళ్ల మీద జాలితో వెళ్లలేదు. వెళ్లిన దగ్గర్నుంచి వచ్చేదాకా నాలో ఎక్కువగా ఉన్నది అసూయ.

జగిత్యాల

ఏప్రిల్ మొదటి వారం. ఆటిజం దినం పేరుతో టవర్ సర్కిల్ నుంచి ఒక ఫంక్షన్ హాలు దాకా నడక పెట్టారు. మా సంఘం తరఫున అక్కడ అన్నీ చూసుకునే విజయ నన్ను బస్టాండులోనే పట్టుకుంది. నలభై ఏళ్లుంటాయి, అంగన్వాడీ టీచరు. ఆమె కొడుకు అఖిల్‌కు తొమ్మిదేళ్లు. నేను సంచీ దించక ముందే చాయ్ తాగించింది. కప్పు పది రూపాయలు. చిన్న కప్పే, కానీ పాలు చిక్కగా ఉన్నాయి. మా వైపు కాఫీ ఇచ్చి, పిల్లలెంతమంది అని అడుగుతారు. విజయ అడగలేదు. ఆమెకు తెలుసు.

నడకలో డెబ్బై, ఎనభై మంది ఉన్నారు. పిల్లల చేతుల్లో నీలం బుడగలు. వాటిని అక్కడ బుగ్గలంటారు. నడకకు కళ రావాలని ఎవరో ఉత్సాహవంతులు ట్రాలీ ఆటో మీద పెద్ద సౌండు పెట్టెలు తెచ్చారు, పెళ్లి ఊరేగింపులో పెట్టేవి. పాట మొదలవగానే సగం మంది పిల్లలు చెవులు మూసుకుని కింద కూర్చున్నారు. ఎండకు బుడగలు ఒకటొకటిగా పేలాయి. ఒక పిల్లవాడు తల్లి చీరలో తల దూర్చి బయటికి రాలేదు. ఆటిజం గురించి ఊరికి చెప్పడానికి బయలుదేరిన ఊరేగింపు, ఆటిజం ఉన్న పిల్లలు నడవలేని ఊరేగింపు అయింది.

విజయ ఆటో ఎక్కి వైరు పీకేసింది. డ్రైవరు కోప్పడలేదు. నాకు తెల్వదక్కా, ముందుగాల చెప్తే పెట్టకపోదును అన్నాడు. ఆ తర్వాత అందరూ మాటల్లేకుండా నడిచారు. బజారులో అంతమంది అంత నిశ్శబ్దంగా పోతుంటే కొట్ల వాళ్లు బయటికొచ్చి చూశారు. మామిడికాయల బండి అతను, ఎవరు చనిపోయిండ్రు అని నన్ను అడిగాడు. ఎవరూ కాదని చెప్పాను. నా వరకు అది అబద్ధం.

హాల్లో ఒక అధికారి మాట్లాడాడు. మంచివాడే, సిద్ధపడి వచ్చాడు. వీళ్లు దేవుడి పిల్లలు అన్నాడు. చందు విషయంలో నాకు అదే మాట చాలామంది చెప్పారు. ప్రతిసారీ తల ఊపి కృతజ్ఞతలు చెప్పాను. విజయ లేచి మైకు తీసుకుంది.

"దేవుని పిల్లలు గాదు సార్, మా పిల్లలే. దేవుని పిల్లలైతే దేవుడే టీచర్‌ను తోలుతుండె. మేమెందుకు మీ ఆఫీసుల సుట్టూ తిరుగుడు?"

హాలంతా నవ్వింది. అధికారి కూడా నవ్వి, ఏం కావాలో చెప్పమన్నాడు. ఆమె చెప్పింది. మండలానికొక ప్రత్యేక టీచరు. అంగన్వాడీలోనే రెండేళ్లకు పిల్లల్ని పరీక్షించడం. సర్టిఫికెట్ కోసం ఇంత చిన్న పిల్లల్ని పొద్దంతా లైన్లో నిలబెట్టకపోవడం. కాగితం చూడకుండా చెప్పింది, ఒక్కసారి కూడా ప్రాధేయపడలేదు. నేను ఆమె పక్కనే కూర్చుని రాసుకున్నాను. చేయి రాస్తోంది కానీ మనసు అక్కడ లేదు. నాకు ఆ వయసులో ఆ గొంతు ఎందుకు లేదు అనుకుంటున్నాను.

మధ్యాహ్నం వాళ్లింట్లో సర్వపిండి పెట్టింది. బియ్యప్పిండిలో పల్లీలు, నువ్వులు, కరివేపాకు కలిపి, గుండ్రటి గిన్నెకు అద్ది వేళ్లతో చిల్లులు పెట్టి కాలుస్తారు. అంచులు కరకరలాడతాయి. బజారులో ముప్పై రూపాయలట, ఆమె నన్ను కొననివ్వలేదు. తింటుంటే అఖిల్ సర్టిఫికెట్ చూపించింది. అందులో ఆటిజం అని ఉంది. చందు సర్టిఫికెట్‌లో డాక్టరు బుద్ధిమాంద్యం అని రాశాడు. ఆ కాగితం ఇప్పటికీ నా బీరువాలో ఉంది. సరైన పేరు రాసిన ఒక కాగితాన్ని చూసి అన్నం సహించకపోవడం ఎవరికైనా చెప్తే నవ్వుతారు. సగం సర్వపిండి పళ్లెంలోనే వదిలేశాను. కారం ఎక్కువైందా అక్కా అని విజయ అడిగింది. అవునన్నాను.

కోరుట్ల

కోరుట్లలో ప్రతి వీధిలో మగవాళ్లు తక్కువగా కనిపించారు. చాలామంది గల్ఫులో ఉన్నారు. ఆడవాళ్లు అరుగుల మీద ఒళ్లో చాటలు పెట్టుకుని బీడీలు చుడుతూ ఉన్నారు. చాటలో కత్తిరించిన తునికాకు, పక్కన తంబాకు. మాట్లాడుతూనే చుడతారు, చేతుల వైపు చూడరు. మా వైపు ఆడవాళ్లు సాయంత్రం మల్లెపూలు కట్టేటప్పుడు అలా చూడకుండా కడతారు.

లావణ్య ఇల్లు రెండు గదులు. భర్త మస్కట్‌లో డ్రైవరు. కూతురు మనస్వినికి పదకొండేళ్లు, మనూ అంటారు. నేను వెళ్లేసరికి తల్లి గుమ్మంలో చాట ముందు ఉంది. మనూ తంబాకు దుమ్ము తగలకుండా దూరంగా కిటికీ దగ్గర, కట్టలు కట్టే దారం ఉండను వేళ్ల మీదుగా చుడుతూ విప్పుతూ ఉంది. నన్ను చూడలేదు. చందూ అంతే. ఇంటికి ఎవరొచ్చినా వాళ్ల చెప్పుల వైపు చూసేవాడు.

"అచ్చినవా అక్కా, కూసో. బీడీల వాసన పడ్తదా నీకు? పడకుంటే బయట కూసుందాం," అంది లావణ్య.

పడుతుందన్నాను. అక్కడ పెద్దాచిన్నా అందరినీ నువ్వనే అంటారు. మా వైపు పరాయివాళ్లను మీరు అంటాం. మొదటి రోజు ఆ నువ్వు నాకు మొరటుగా తోచింది. కోరుట్లకు వచ్చేసరికి అలవాటైంది. పచ్చిపులుసు, అన్నం, వేయించిన ఎండుమిరపకాయలు పెట్టింది. మేం చారు కాచుకుంటాం, వీళ్లు చింతపండు రసంలో ఉల్లిగడ్డ పిసికి పచ్చిగానే పోసుకుంటారు. ఆ ఎండకు అదే బాగుంది.

తిన్నాక నోటుబుక్కు తెరిచాను. లావణ్య పని ఆపకుండా చెప్పింది. బీడీలు ఇరవై అయిదు ఒక కట్ట. కట్టే ముందు ప్రతిసారీ పైకి లెక్కపెట్టడం ఆమెకు అలవాటు. వాళ్లమ్మకూ ఉండేదట. మనూ పుట్టిన దగ్గర్నుంచీ ఆ లెక్క వింటూనే పెరిగింది. మాట మాత్రం రాలేదు. హైదరాబాద్ తీసుకుపోయారు, నిజామాబాద్ తీసుకుపోయారు. పది నిండినా రాలేదు. పోయిన దసరా ముందు ఒక రోజు లావణ్య ఇరవై నాలుగు దాకా లెక్కపెట్టింది. అప్పుడే వీధిలో పాలావిడ పిలిచింది. లెక్క ఆపి అటు తిరిగింది.

"ఎనుకకెంచి ఇనవడ్డది అక్కా. ఇర్వై అయిదు అని. నేను ఎవరో పక్కింటి పోరి అనుకున్న. తిరిగి సూస్తే ఇంట్ల ఎవ్వరు లేరు. ఇదొక్కతే ఉన్నది."

చాట కింద పడిందట, తంబాకంతా ఒలికిందట. ఆ రోజు నుంచి ప్రతి కట్టకూ ఇరవై నాలుగు దగ్గర ఆగుతుంది. కొన్నిసార్లు మనూ అంటుంది, కొన్నిసార్లు అనదు. అమ్మా అని ఇంతవరకూ అనలేదు. భర్తకు ఫోన్‌లో వినిపిస్తే మస్కట్‌లో బండి రోడ్డు పక్కన ఆపుకుని కూర్చున్నాడట.

"గిది రాయి అక్కా. ఢిల్లీల సదువుతరు గద. పదేండ్లకు గూడ మాట అస్తదని తెల్వాలె వాళ్లకు. మూడేండ్లు దాటినంక ఏం లాభం లేదు, పైసలు దండుగ అన్నరు మాకు."

ఆమె అడిగింది అదొక్కటే. నేను నోటుబుక్కును నా వైపు వంచి పట్టుకుని, రాస్తున్నట్టు చేయి కదిలించాను. ఏమీ రాయలేదు. చందు పక్కన కూర్చుని నేనేం లెక్కపెట్టాను? కూరలు తరిగాను, పుస్తకాలు చదువుకున్నాను, అన్నీ నోరు మూసుకునే చేశాను. ఎక్కడ ఆగి ఉంటే వాడు అందుకునేవాడో అన్న ఆలోచన ఆ గదిలో మొదలైంది. అది మొదలయ్యాక ఆ పిల్ల మాటను నా చేత్తో రాయడం నా వల్ల కాలేదు. పేజీ చివరిదాకా చేయి జరిపి, అయిందని నోటుబుక్కు మూశాను. లావణ్య నన్ను ఒకసారి చూసి, చాయ్ పెడతానని లేచింది.

వేములవాడ మీదుగా

సిరిసిల్ల బస్సులో నా పక్కన ఒక పెద్దావిడ కూర్చుంది. రాజన్నకు కోడె మొక్కు చెల్లించడానికి వేములవాడ పోతోంది. గుడిలో కోడెను పట్టుకుని తిప్పి కట్టేస్తే మొక్కు తీరినట్టు. నాకు మక్కగుడాలు పెట్టింది. ఉడకబెట్టిన మొక్కజొన్న గింజలు, ఉప్పూ కారమూ వేసి. పిల్లలెంతమంది అంది. ఒక కొడుకు అన్నాను. ఏం చేస్తడు అంది.

ఇంట్లోనే ఉంటాడు అన్నాను.

"నసీబు మంచిగున్నది బిడ్డా నీది. మావోడు దుబాయి పోయి ఎనిమిదేండ్లాయె. ఇంట్ల కండ్ల ముందట ఉన్నోడే కొడుకు," అంది.

ఆమె దిగేటప్పుడు నా కొడుకు పేరు అడిగింది, వాడి పేరు మీద కూడా మొక్కుతానని. చెప్పాను. అబద్ధానికి ఇంత మర్యాద జరుగుతుందని అనుకోలేదు. ఆమె జనంలో కలిసిపోయేదాకా చూశాను.

సిరిసిల్ల

సిరిసిల్లలో మరమగ్గాలను సాంచెలంటారు. ఇరవై నాలుగు గంటలూ మోగే ఊరని విన్నాను. నేను దిగిన రోజు వీధులన్నీ నిశ్శబ్దంగా ఉన్నాయి. నూలు రాలేదు, సాంచెలు బంద్ అన్నారు. కానీ నేను వెళ్లాల్సిన సందులోకి తిరగగానే ఒక్క ఇంట్లోంచి మగ్గం చప్పుడు వినబడింది. బంద్ రోజున ఒక్కరే ఎందుకు నేస్తున్నారో అర్థం కాలేదు.

నర్సయ్యకు అరవై దాటాయి. నలభై ఏళ్లు సాంచెల మీద పని చేశాడు. దగ్గు ఉంది. భార్య పోయి ఆరేళ్లు. కొడుకు సతీష్‌కు ఇరవై ఎనిమిది. నేను వెళ్లేసరికి సతీష్ గోడకు చెవి ఆనించి కూర్చుని, పళ్లెంలో అన్నం నెమ్మదిగా తింటున్నాడు. మగ్గం చప్పుడు ఆ గోడ అవతలి నుంచే వస్తోంది.

నర్సయ్య చెప్పాడు. సతీష్ చిన్నప్పుడు ఉయ్యాల సాంచె పక్కనే కట్టారు. తినే వేళకు ఆ చప్పుడు లేకపోతే వాడికి ఊపిరాడదు. తల గోడకు కొట్టుకుంటాడు, అన్నం ముట్టడు. మొదట్లో బంద్ వచ్చినప్పుడల్లా తల్లి ఏడ్చేది. పక్కింటతను ఒక రోజు, వాడు తినేదాకా నా సాంచె నడుపుత తియ్యి అన్నాడు. తర్వాత ఎదురింటివాళ్లు. ఇప్పుడు సందులో ఏడిళ్లు. బంద్ రోజున వంతులవారీగా ఎవరో ఒకరు, సతీష్ తినే వేళకు ఒక సాంచె నడుపుతారు. కరెంటు బిల్లు ఎవరి వంతైతే వాళ్లదే. ఈ వంతు ఎవరూ రాసుకోలేదు, ఎవరూ తప్పలేదు. ఊరికే తిప్పడం ఎందుకని, మిగిలిపోయిన నూలు పోగులు ఎక్కిస్తారు. రంగు ఒకటి కాదు, కొలత ఒకటి కాదు. ఆ గుడ్డను ఎవరూ కొనరు. సాంచెలు తుడవడానికి వాడతారు. సందులో ప్రతి ఇంట్లో ఆ గుడ్డ ముక్క ఒకటి ఉంది. దాన్ని సతీష్ గుడ్డ అంటారు.

తెనాలిలో చందు సాయంత్రాలు ఒక రాగం లాంటి చప్పుడు చేసేవాడు. పక్కవాళ్లు మర్యాదస్తులు. కిటికీ మూసుకుంటారా అండీ అని మీరు, అండీ అంటూనే అడిగారు. పద్నాలుగేళ్లు ఆ కిటికీ మూసే ఉంచాను. వాడు పోయిన నెలకు తెరిచాను.

విజయను చూసి, లావణ్యను చూసి పడిన అసూయ ఒక ఎత్తు. ఇక్కడ ఒక సందు మీదే అసూయ పడ్డాను. ఇటుకల మీద, గోడల మీద. ఈ గోడ ఒకటి మా ఇంటికి ఆనుకుని ఉంటే చాలు కదా అనిపించింది.

నర్సయ్యకు విజ్ఞాపన సంగతి చెప్పాను. తల్లిదండ్రుల తర్వాత వీళ్లను చూసుకునే ఏర్పాటు గురించి కూడా అడుగుతున్నామన్నాను. ఆయన తల అడ్డంగా ఊపాడు.

"హోంల ఏస్తమంటరు. హోంల సాంచె ఉంటదా? వీణ్ణి యాడికి తోలకుండ్రి, గీ సందులనే ఉండనియ్యుండ్రి అని రాయి. చూసుకునేటోనికి జీతం సర్కారు ఇయ్యాలె. గంతే."

కానీ సందు కూడా కరిగిపోతోందట. ఇద్దరు సాంచెలు తుక్కు కింద అమ్మేశారు. కుర్రవాళ్లు వేరే పనులకు పోతున్నారు. ఏడిళ్లు ఎన్నాళ్లు ఏడిళ్లుగా ఉంటాయి అన్నాడు. ఇదంతా రాశాను. అప్పుడు ఆయన నా కొడుకు గురించి అడిగాడు. బస్సులో చెప్పిన అబద్ధం ఇక్కడ చెప్పలేకపోయాను.

"నీ చేతులల్లనే పోయిండా?"

అవునన్నాను. ఆయన సతీష్‌కు నీళ్ల గ్లాసు అందించి వచ్చాడు.

"తప్పనుకోకమ్మా. నిన్ను జూస్తే నాకు కడుపు మండుతది. నీది ఒడిసింది, అయిపాయె. నేను రోజు దీపం పెట్టి ఏం మొక్కుతనో ఎర్కనా? నా కన్న ఒక్క దినం ముంగట వీన్ని తీస్కపో అని. కన్నతండ్రి మొక్కే మొక్కా గది?"

నాకు కోపం రాలేదు. రావాల్సింది, రాలేదు. రెండేళ్లుగా నన్ను అందరూ ఓదార్చారు. నా దగ్గర ఉన్నదాన్ని కావాలనుకున్న మనిషి ఈయనొక్కడే. నా దగ్గర ఏముంది? కొడుకు ఎలా పోయాడో తెలుసు, చివరి వరకూ ఎవరు పట్టుకున్నారో తెలుసు. ఇంతకు మించి లేదు. దాని కోసం ఒక మనిషి రోజూ దీపం పెడుతున్నాడు.

ఇదీ రాయమంటారా అని అడిగాను. "రాయి. నా పేరు పెట్టే రాయి," అన్నాడు. సిగ్గుపడే మాటను ఆయన పేరు పెట్టి రాయమన్నాడు. సంతోషపడే మాటను లావణ్య రాయమంటే నేను రాయలేదు. అవతల మగ్గం ఆగింది. సతీష్ పళ్లెం ఖాళీగా ఉంది.

మళ్లీ కోరుట్ల

మర్నాడు కరీంనగర్ వెళ్లి రైలు అందుకోవాలి. టికెట్ వదిలేసి కోరుట్ల బస్సెక్కాను. లావణ్య అదే గుమ్మంలో, అదే చాట ముందు ఉంది. ఏమన్న మర్చిపోయినవా అక్కా అంది. నిలబడే చెప్పాను, మొన్న నువ్వు చెప్పింది నేను రాయలేదని.

"ఎర్కనే," అంది. "పెన్ను మూతనన్న తియ్యలేదు గద నువ్వు. నేను సూసిన."

చూసి కూడా ఎందుకు అడగలేదన్నాను. ఆమె ఆకు చుట్టడం ఆపలేదు.

"నీ కొడుకు సంగతి విజయక్క చెప్పింది. ఎంటనే రాయబుద్ధి కాదు గద ఎవలకన్న. ఇయ్యాల కాకుంటే రేపు అనుకున్న. కూసో."

కూర్చున్నాను. చెప్పులు గుమ్మం బయట వదిలాను. మనూ వాటిని చూసింది, మళ్లీ దారం వైపు తిరిగింది. లావణ్య చుట్టిన బీడీల కుప్పను నా ముందుకు జరిపింది. నన్నే లెక్కపెట్టమంది. నా గొంతు కొత్తది, పలకకపోవచ్చు అన్నాను. పలకకుంటే పలకదు, లెక్కపెట్టు అంది.

ఒకటి నుంచి మొదలుపెట్టాను. ఇంట్లో నేనెప్పుడూ అంత పైకి లెక్కపెట్టలేదు. ఇరవై నాలుగు దగ్గర ఆగాను.

ఏమీ వినబడలేదు. వీధిలో ఒక ఆటో పోయింది. లావణ్య నా వైపు చూడలేదు, కూతురి వైపు చూడలేదు, చేతిలో ఆకు ఒకటి చుట్టి అంచు మడిచింది. నేనూ ఆగే ఉన్నాను. అసూయ పోయిందని చెప్పను. ఆ ఆగడంలో కూడా అది ఉంది.

"ఇర్వై అయిదు," అంది మనూ. దారంతో అంది.

నాతో అన్న మాట కాదు. పెన్ను మూత తీసి రాసుకున్నాను.